కెనెట్–ఏవన్ కాలువపై పిల్లులతో పయనం

ఇంగ్లండులోని కెనెట్–ఏవన్ కాలువ 1810లో పూర్తయింది. శిథిలమై, పునరుద్ధరణ పొంది 1990లో తిరిగి తెరచుకుంది. గత వేసవిలో మా అమ్మాయి, అల్లుడు, వారి రెండు పిల్లులతో కలిసి అద్దె నారోబోటులో దానిపై పయనించాము. పడవ వెడల్పు 7 అడుగులైనా లేదు. వేగం గంటకు 4 మైళ్ళు మించరాదు. ఒడ్డున నడిచేవారే మమ్మల్ని దాటిపోయేవారు!

డివైజెస్ వద్ద 29 లాకులు పడవను 237 అడుగుల ఎత్తుకు చేరుస్తాయి. గోదావరి కాలువల లాకులు ఎరిగిన మాకు సైతం కేన్ హిల్ వాలుపై వరుసగా నిలిచిన 16 లాకులు అబ్బురమే. వెనుక తలుపులు మూసి, నీరు నింపి, ఎదుటి తలుపులు నెట్టడం – పూటంతా అదే పని. పడవకూ గోడకూ నడుమ జారితే ప్రాణాపాయం కనుక అంతసేపూ పిల్లులు గదిలో బందీలు.

ఆ రాత్రి నల్లపిల్లి ఒడ్డుకు దూకి చీకటిలో కలిసిపోయింది. తెల్లవారినా రాలేదు. పడవను అప్పగించే గడువు దగ్గరపడుతున్నా, కట్టు విప్పుదామన్న మాట ఎవరి నోటా రాలేదు. పది గంటలకు అది తడి కాళ్ళతో వచ్చి, మా అల్లుడి పరుపుపై పడుకుంది.