విమానంలో డ్రోన్.. బ్యాటరీ చేతిసంచిలోనే

డ్రోన్‌తో విమానమెక్కేవారు సాధారణంగా దాని రెక్కలు విరగకుండా జాగ్రత్తపడతారు. విమానయాన సంస్థల దృష్టి మాత్రం బ్యాటరీపైనే ఉంటుంది. లిథియం బ్యాటరీ దెబ్బతిన్నా, దానిలో షార్ట్ సర్క్యూట్ ఏర్పడినా ఒక సెల్‌లో పుట్టిన వేడి పక్క సెల్‌కు పాకి మంటలు లేస్తాయి. క్యాబిన్‌లోనైతే సిబ్బంది వెంటనే గుర్తించి నీటితో చల్లబరచగలరు. సామాను అరలో రేగితే త్వరగా కంటపడదు. అక్కడి అగ్నిమాపక వాయువు మంటను కొంత అణచినా బ్యాటరీలోని వేడిని ఆపలేదు. అందుకే విడి బ్యాటరీలను చెక్-ఇన్ సామానులో అనుమతించరు. కొనలకు టేపు అంటించి, ఒక్కొక్కటీ వేరు సంచిలో పెట్టి వెంట తీసుకెళ్లాలి.

సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటితే విమానయాన సంస్థ అనుమతి తప్పనిసరి. 100 నుంచి 160 వరకు గల విడి బ్యాటరీలు రెండుకు మించరాదు. ఆపైవి ప్రయాణికుల సామానులో నిషిద్ధం. లెక్క తేలికే: మిల్లీ ఆంపియర్-అవర్లను వోల్టులతో హెచ్చించి వెయ్యితో భాగించాలి. 5,000 మిల్లీ ఆంపియర్-అవర్లు, 15.4 వోల్టులైతే 77. డ్రోన్‌నే క్యాబిన్‌లోకి రానివ్వని సంస్థలూ ఉన్నందున టికెట్ కొనేముందే విచారించుకోవడం మేలు.

అమెరికా నుంచి సొంతూరికి వస్తూ పిల్లలకు కానుకగా డ్రోన్ తెచ్చేవారికి అసలు చిక్కు శంషాబాద్‌లో దిగాకే. విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు ఉంది. అందుకూ అనుమతి కావాలి. కానుకలు ఆ జాబితాలో లేవు.