సోలెడు పిండి ఎన్ని గ్రాములు?
సంక్రాంతికి గోదావరి జిల్లాల ఇళ్లలో అరిసెలు వండేటప్పుడు బియ్యాన్ని సోలతోనో తవ్వతోనో కొలిచేవారు. బెల్లాన్ని మాత్రం వీశెల లెక్కన తూచేవారు. ఆ తేడాలో గొప్ప తెలివి ఉంది. బియ్యపు గింజ ఎన్నిసార్లు పోసినా సోలలో దాదాపు ఒకేలా సర్దుకుంటుంది, బెల్లం గడ్డ సర్దుకోదు. పిండితో చిక్కు ఇంకా ఎక్కువ. 240 మిల్లీలీటర్ల కప్పులో జల్లించిన మైదాను వదులుగా పోస్తే సుమారు 120 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా వస్తుంది. పంచదారైతే 200. అందుకే కేకు చేసేవారు పిండిని తూచి తీరాలి.

మన పెద్దవాళ్లు పిండిని తూచకుండానే వండలేదా అంటారు. వండారు. ఏళ్ల తరబడి ఒకటే సోల వాడారు, పాకం చుక్కను నీళ్లలో వేసి ఉండ కడుతోందో లేదో చూశారు, పాకం పట్టినంత పిండే కలిపారు. ఓవెన్‌లోకి వెళ్లిన కేకును అలా సరిదిద్దుకోలేం. తూకం కూడా మోసం చేస్తుందన్న మాటలో మాత్రం నిజముంది: అరిసెల తడిపిండిని తూస్తే నీటి బరువూ కలిసిపోతుంది. కాబట్టి బియ్యాన్ని నానబెట్టకముందే తూచండి. నీళ్లు, పాలు కప్పుతో కొలిచినా ఇబ్బంది లేదు. పిండికి మాత్రం మీ ఇంటి కప్పులో వదులుగా పోస్తే ఎంత పడుతుందో ఒక్కసారి తూచి, ఆ అంకెను డబ్బా మీద రాసి పెట్టుకోండి.