మదర్‌బోర్డ్ మారిస్తే స్పీడ్ వస్తుందా?

గత ఏడాది సంక్రాంతికి వారం ముందు నాన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, షాపులో కంప్యూటర్ మరీ మొరాయిస్తోందిరా. రిపేరతను వచ్చి చూశాడు. బోర్డు పాతదైపోయింది, మదర్‌బోర్డ్ మార్చాలన్నాడు. అంతా కలిపి పద్దెనిమిది వేలు అవుద్దంట. నువ్వేమంటావ్?"

నేనప్పుడు ఈసీఈ మూడో సంవత్సరం. ఫ్లిప్‌ఫ్లాప్‌ల బొమ్మలు గీశాను, 8086కి ప్రోగ్రాములు రాశాను. ఒక్క కేబినెట్ మూత మాత్రం విప్పి చూసిన పాపాన పోలేదు. అయినా ఇంజినీరింగ్ చదువుతున్నానన్న ధీమా ఒకటుంటుంది కదా. "మార్చేద్దాం నాన్నా, పాత బోర్డుతో స్పీడ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అనేశాను. అది తప్పని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది, నాన్నకి మూడు రోజుల పని పోయింది.

నాన్నది తణుకులో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, బిల్లు పుస్తకాలు, ఈమధ్య ఫ్లెక్సీ డిజైన్లు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, కోరల్‌డ్రా, ఫొటోషాప్ - ఇవే ఆయన పనిముట్లు. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాక వచ్చే రెండు నెలల డబ్బే ఏడాది ఆదాయంలో సగం. పద్దెనిమిది వేలంటే ఆయనకి పెద్ద మాటే. సీజన్లో కంప్యూటర్ ఆగిపోవడం అంతకన్నా పెద్ద మాట.

పండక్కి ఇంటికెళ్ళగానే షాపులో కూర్చుని చూశాను. ఆన్ చేసి, పేజ్‌మేకర్ తెరుచుకుని, పని మొదలుపెట్టడానికి నాలుగు నిమిషాల పైనే పడుతోంది. 'చి.ల.సౌ.' అని కొట్టి టీ తాగొచ్చేసరికి అది స్క్రీన్ మీద కనపడుతుందని నాన్న జోకు. ఏం చెయ్యాలో తోచక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అదే. సీపీయూ 20 శాతం దగ్గర తిరుగుతోంది. మెమరీ 4 జీబీలో దాదాపు అంతా నిండిపోయింది. డిస్క్ 100 శాతం. పది నిమిషాలు చూసినా ఆ 100 దిగలేదు.

ఇక్కడ కాస్త ఆగి లోపల ఏం జరుగుతోందో చెప్పాలి. కంప్యూటర్ని పెళ్ళి వంటశాల అనుకోండి. ప్రాసెసర్ వంటమాస్టారు. ర్యామ్ ఆయన ముందున్న బల్ల. హార్డ్ డిస్క్ దూరంగా ఉన్న సామాన్ల గది. బల్ల చిన్నదైతే కొత్త సామాను వచ్చినప్పుడల్లా పాతది గదికి పంపించి, మళ్ళీ కావాలంటే తెప్పించుకోవాలి. మాస్టారు ఎంత చెయ్యి తిరిగినవాడైనా, సామాను మోసే కుర్రాడు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ 20 శాతం సీపీయూ అంటే అదే, మాస్టారు ఖాళీగా ఉన్నాడని. మరి మదర్‌బోర్డ్? అది వంటశాల కట్టడం. ఎన్ని పొయ్యిలు పడతాయి, ఎంత బల్ల వేయొచ్చు, తలుపు ఎంత వెడల్పు - ఇవన్నీ కట్టడం తేలుస్తుంది. వంట మాత్రం అది చెయ్యదు.

ఆ కుర్రాడు ఎంత నెమ్మదో లెక్కేస్తే నాకే ఆశ్చర్యం వేసింది. 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. హెడ్ సరైన ట్రాక్ మీదకి జరగడానికి ఇంకో 8, 9. మొత్తం 13 అనుకుంటే సెకనుకు 75 సార్లే చదవగలదు. ఒక్కో సారి 4 కేబీ ముక్క అయితే సెకనుకు 300 కేబీ! అదే డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైలును వరుసగా చదివితే సెకనుకు 100 ఎంబీ దాటుతుంది. కానీ విండోస్ మొదలవడం, ర్యామ్ నిండి అటూ ఇటూ మార్చుకోవడం అన్నీ చిన్న చిన్న ముక్కల పనులే. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు కాబట్టి ఆ 75 కాస్తా వేలల్లోకి వెళ్తుంది.

సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూస్తే మిగతా వివరాలు తెలిశాయి. ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ బోర్డు, రెండు ర్యామ్ స్లాట్లలో ఒకదాంట్లో మాత్రమే 4 జీబీ డీడీఆర్3. బయోస్ తేదీ 2011. ఆ తేదీని చూసి కూడా పట్టించుకోలేదు, దాని కథ తర్వాత చెప్తాను.

హెచ్61 పొదుపు చిప్‌సెట్. దాని సాటా పోర్టులన్నీ సెకనుకు 3 గిగాబిట్ల పాతరకం. సాటా ఎస్ఎస్‌డీ 550 ఎంబీ దాకా ఇవ్వగలదు గానీ ఈ పోర్టులో 280 దగ్గర ఆగిపోతుంది. అందుకే "పాత బోర్డుకి ఎస్ఎస్‌డీ దండగ" అని హాస్టల్లో ఒకడు తేల్చేశాడు. కానీ మన బాధ వరుసగా చదివే వేగంతో కాదు కదా, ఆ 75తో. 240 జీబీ ఎస్ఎస్‌డీ, మరో 4 జీబీ ర్యామ్ ముక్క, కలిపి రెండు వేల చిల్లర. రెండో స్లాట్ నిండటంతో ర్యామ్ డ్యూయల్ చానెల్‌లోకి కూడా వెళ్ళింది. ఒక్కో చానెల్‌కి సెకనుకు 10.6 జీబీ దారి ఉన్నది రెండింతలైంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్ ఇది, బొమ్మల పని కూడా ఆ ర్యామ్‌తోనే నడవాలి కాబట్టి ఇదీ పనికొచ్చింది.

కంప్యూటర్ 27 సెకన్లలో లేచింది. నాన్న నమ్మలేక ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. ఆ సాయంత్రం షాపుకొచ్చిన ప్రతివాడికీ చేసి చూపించాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఫిబ్రవరిలో ఫ్లెక్సీల పని పెరిగింది. పది అడుగుల ఫొటోషాప్ ఫైలు మీద ఫిల్టర్ వేస్తే టాస్క్ మేనేజర్లో ఈసారి సీపీయూ 100 చూపిస్తోందని నాన్నే చెప్పాడు (చూడటం నేర్చేసుకున్నాడు). సరే, ఇప్పుడు మాస్టారే చాలట్లేదు. ఆ బోర్డు సాకెట్ ఎల్‌జీఏ 1155. ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు రెండూ అందులో కూర్చుంటాయి. వాడేసిన ఐ5-3470 ఒకటి చవగ్గా దొరికితే ఓ ఆదివారం పట్టుకెళ్ళాను.

బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగింది, డిస్‌ప్లే రాలేదు. కారణం ఆ బయోస్ తేదీ. మూడో తరం ప్రాసెసర్లు 2012లో వచ్చాయి. 2011 నాటి బయోస్‌కి అవి ఎవరో తెలీదు. సాకెట్‌లో పట్టినంత మాత్రాన పని చేస్తుందని కాదు. ముందు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాత కొత్తది పెట్టాలి. కంపెనీ సైట్‌లో ఒక్కో బోర్డుకీ ఏ ప్రాసెసర్‌కి ఏ బయోస్ కావాలో పట్టిక ఉంటుంది. నేను ఆ పట్టిక ఆ రాత్రి చదివాను. చదవాల్సింది కొనకముందు.

తప్పు తెలిశాక ఐ3ని తిరిగి పెడుతుంటే తొందరలో వేలు జారింది. ప్రాసెసర్ మూల సాకెట్‌లో పడింది. ఎల్‌జీఏ అంటే పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, బోర్డుకే ఉంటాయి. వెంట్రుకల్లాంటి 1155 పిన్నులు. టార్చి వేసి చూస్తే వరుసలన్నీ ఒకే తీరున మెరుస్తూ ఒక్కచోట మాత్రం చెదిరి ఉన్నాయి. లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనతో నెమ్మదిగా లేపితే రెండు నిలబడ్డాయి. మూడోది విరిగిపోయింది. ఆ తర్వాత బోర్డు ఆన్ అవుతుంది, ఆగుతుంది, మళ్ళీ ఆన్ అవుతుంది. అంతే.

మూడు శుభలేఖల ప్రూఫులు మర్నాటికి ఇవ్వాలి. నాన్న ఏమీ అనలేదు. "పోనీలే, ఇప్పుడేం చేద్దామో చెప్పు" అన్నాడు. ఎస్ఎస్‌డీని తీసి యూఎస్‌బీ కేబుల్‌కి తగిలించుకుని, తెలిసినవాళ్ళ షాపులో రాత్రిళ్ళు కూర్చుని ఆ మూడూ పూర్తి చేశాడు. ఒక పెద్ద ఆర్డర్ మాత్రం వేరేచోటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నిజంగానే మదర్‌బోర్డ్ మార్చాలి. కూర్చుని లెక్క వేశాను. కొత్త హెచ్610 బోర్డు కొంటే 1155 ప్రాసెసర్ అందులో కూర్చోదు, దాని సాకెట్ 1700. కాబట్టి ప్రాసెసర్ కొనాలి. డీడీఆర్3 ర్యామ్ అందులో దూరదు, గాడి ఉన్న చోటే వేరు. కాబట్టి ర్యామ్ కొనాలి. హెచ్610 బోర్డులు డీడీఆర్4వీ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. పేరు చూసి ర్యామ్ తెచ్చుకుంటే అక్కడ మరో దెబ్బ. పదేళ్ళు దాటిన ఎస్ఎమ్‌పీఎస్‌ని కొత్త బోర్డుకి తగిలించడానికి ధైర్యం చాలదు. మెషీన్‌తోపాటు వచ్చిన ఓఈఎమ్ విండోస్ లైసెన్స్ పాత బోర్డుతోనే పోతుంది, విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితేనే వెంట తెచ్చుకోవచ్చు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు, బోర్డు మార్చడమంటే కేబినెట్, మానిటర్ తప్ప కంప్యూటరంతా మార్చడమే. లెక్క తేలేసరికి పద్దెనిమిది వేలు దాటింది. రిపేరతను మోసం చెయ్యలేదన్నమాట, అతని ధర సరైనదే. జనవరిలో ఆ జబ్బుకి ఆ మందు అక్కర్లేదు, అంతే.

చివరికి సికింద్రాబాద్ సీటీసీలో వాడిన హెచ్61 బోర్డు పందొమ్మిది వందలకి దొరికింది. కంపెనీ వేరు, చిప్‌సెట్ అదే, బయోస్ మాత్రం కొత్తది. ఫ్రెండ్ బస్సు పార్సిల్‌లో పంపాడు.

దీనివల్ల అనుకోకుండా ఒక ప్రయోగం జరిగింది. ముందు జాగ్రత్తగా పాత ఐ3నే పెట్టాను. అదే ర్యామ్, అదే ఎస్ఎస్‌డీ. మారింది బోర్డు ఒక్కటే. విండోస్ యాక్టివేషన్ అడిగింది గానీ లేవడం మళ్ళీ అదే 27 సెకన్లు. ఫొటోషాప్ ఫిల్టర్ పాత బోర్డు మీద 52 సెకన్లు, కొత్త దాని మీదా 52. ఆ తర్వాత ఐ5 పెట్టాను. రెండు కోర్ల చోట నాలుగు కోర్లు. ఫిల్టర్ 31కి దిగింది. పేజ్‌మేకర్‌లో మాత్రం తేడా ఏమీ లేదు. అది 2001లో వచ్చిన 7.0 వెర్షన్, మన డెస్క్‌టాప్‌లలోకి రెండు కోర్ల ప్రాసెసర్లు రావడానికి ముందే రాసింది. దానికి ఎన్ని కోర్లిచ్చినా ఒకదాంతోనే నడుస్తుంది. గేమ్స్ కోసమో ప్రాజెక్టు కోసమో డబ్బు పెట్టేవాళ్ళు కూడా, తాము వాడే ప్రోగ్రామ్ ఎన్ని కోర్లు వాడుతుందో ముందు చూసుకోవడం మంచిది.

బోర్డు వల్లే వేగం తగ్గే సందర్భం ఒకటుంది. ప్రాసెసర్‌కి కరెంటు సర్దే భాగాన్ని వీఆర్ఎమ్ అంటారు. చవక బోర్డుల్లో అది బలహీనంగా ఉంటుంది, మీద హీట్‌సింక్ కూడా ఉండదు. అలాంటిదాంట్లో ఐ7 పెట్టి గంటసేపు రెండరింగ్ చేయిస్తే, వీఆర్ఎమ్ వేడెక్కి ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మా ఐ5కి ఆ సమస్య రాలేదు.

సాకెట్ల విషయంలో ఇంటెల్ పెట్టే తిప్పలు ఇంకా ఉన్నాయి. ఆరు, ఏడు తరాలకి 1151 సాకెట్. ఎనిమిది, తొమ్మిది తరాలకీ 1151 పిన్నులే. కానీ పాత 1151 బోర్డులో ఎనిమిదో తరం పనిచెయ్యదు. అంకె ఒకటే కదా అని సెకండ్ హ్యాండ్‌లో కొని మోసపోకండి. ఏఎమ్‌డీ ఈ విషయంలో కొంత నయం. ఏఎమ్4 సాకెట్‌లో మొదటి రైజెన్లు 2017లో వచ్చాయి, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ కూడా అందులోదే. అక్కడా బయోస్ పట్టిక చదవాల్సిందే. కంపెనీ చేసి అమ్మే రెడీమేడ్ డెస్క్‌టాప్‌లు కొన్నింటిలో బోర్డు సైజు, పవర్ కనెక్టర్ ఆ కంపెనీవే. మామూలు బోర్డు తెస్తే కేబినెట్‌లో స్క్రూ రంధ్రాలు కూడా కలవవు.

మా హెచ్61కి ఇక ఎక్కడానికి మెట్లు లేవు. ర్యామ్ 16 జీబీ దాటదు. ఎన్‌వీఎమ్ఈ ఎస్ఎస్‌డీ పెట్టే ఎమ్.2 స్లాట్ లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎమ్ 2.0నీ, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైదాన్నీ అడుగుతుంది. ఆ రెండూ మా దగ్గర లేవు. అంటే వచ్చే మార్పు నిజంగా బోర్డు మార్పే. నాన్న దానికోసం నెలనెలా కొంత పక్కన పెడుతున్నాడు. ఈసారి ప్రాసెసర్‌ని సాకెట్‌లో తనే పెడతానన్నాడు.