మంచుకొండ చాటున చెరకు తీరం

స్పెయిన్ దక్షిణ తీరానికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మలగా విమానాశ్రయంలో దిగి, పడమటి వైపున్న పెద్ద హోటళ్లకు వెళ్లిపోతారు. అదే మలగా నుంచి తూర్పుకు, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని కారులో ఓ గంట వెళితే గ్రనాదా జిల్లా తీరం మొదలవుతుంది. దాన్ని కోస్తా ట్రోపికాల్ అంటారు, ఉష్ణమండల తీరమని అర్థం. టూరిజం వాళ్లు పెట్టిన గొప్పల పేరేమో అనిపిస్తుంది గానీ, దారి పక్క తోటలు చూస్తే నమ్మక తప్పదు. మామిడి, అవకాడో, సీతాఫలానికి దగ్గరి చుట్టమైన చిరిమోయా కొండవాలు పొడవునా కనిపిస్తాయి. శ్రీనగర్ కంటే ఉత్తరాన ఉన్న చోట మామిడి ఎలా కాస్తోంది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే అక్కడి ఊళ్లు, కోటలు, పండగలు, తిండి, ఇవాళ నడుస్తున్న నీటి తగాదా, అన్నీ వరసగా అర్థమవుతాయి. బీచ్‌ల జాబితా ఒక్కటే చేతిలో పెట్టుకుని తిరిగేవాళ్లకు ఇవేవీ కనిపించవు. కాబట్టి సముద్రాన్ని కాసేపు పక్కనపెట్టి కొండ దగ్గర మొదలుపెడదాం.

తీరానికి వెనక, నలభై కిలోమీటర్ల లోపే, సియెర్రా నెవాదా పర్వతాలున్నాయి. వాటిలో ములాసేన్ శిఖరం ఎత్తు 3,479 మీటర్లు. ఐబీరియా ద్వీపకల్పంలో అంతకు మించిన శిఖరం లేదు. ఉత్తరం నుంచి దిగే చలిగాలిని ఈ కొండలు అడ్డుకుంటాయి. దక్షిణాన మధ్యధరా సముద్రం, వేసవిలో దాచుకున్న వేడిని చలికాలమంతా నెమ్మదిగా వదులుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న ఇరుకు లోయల్లో నీరు గడ్డకట్టేంత చలి దాదాపు రాదు. మామిడి పూతకూ లేత చిగురుకూ అసలు శత్రువు ఆ చలే. అది లేకపోవడమే ఈ తీరానికున్న ఆస్తి. ఏప్రిల్‌లో పొద్దున కొండమీద మంచులో స్కీయింగ్ చేసి, సాయంత్రం సముద్రపు ఒడ్డున కూర్చోవచ్చని స్థానికులు చెప్పుకుంటారు. దూరాలు లెక్కేస్తే అది నిజమే.

కొండ చేసిన రెండో మేలు మట్టి. మంచు కరిగి గ్వాదాల్ఫేయో నదిగా దిగివస్తూ తెచ్చిన ఒండ్రు శతాబ్దాలపాటు పేరుకుని, మోట్రిల్, సలోబ్రేన్యా ఊళ్ల ముందు చదునైన మాగాణి అయింది. సలోబ్రేన్యా పాత ఊరు ఎత్తయిన బండ మీద ఉంది. తెల్లసున్నం వేసిన ఇళ్లు బండ చుట్టూ అల్లుకుని పైకి పోతాయి, నెత్తిన కోట. ఒకప్పుడు సముద్రం ఆ బండ మొదలు దాకా వచ్చేది. ఇప్పుడు కోట గోడ మీంచి చూస్తే ఊరికీ నీళ్లకూ మధ్య విశాలమైన పొలాలున్నాయి. బీచ్ మధ్యలో నిలిచిన ‘పెన్యోన్’ అనే రాతిగుట్ట కూడా ఒకనాటి చిన్న దీవే, మట్టి చేరి ఒడ్డుకు అతుక్కుంది.

ఆ కోట గ్రనాదాను ఏలిన నస్రీద్ సుల్తానులకు విడిది, రాజబంధువులకు చెరసాల. 1408లో సుల్తాన్ ఏడవ ముహమ్మద్ ప్రాణం పోయేముందు, ఇక్కడ బందీగా ఉన్న అన్న యూసుఫ్‌ను చంపమని కబురు పంపాడట. కబురు చేరేసరికి యూసుఫ్ చదరంగం ఆడుతున్నాడు. ఆట పూర్తయ్యేదాకా ఆగమని బతిమాలాడు. ఆట ముగిసేలోపే ముహమ్మద్ చనిపోయిన వార్త వచ్చింది. చదరంగం సంగతి ఊళ్లో చెప్పుకునే కథ. యూసుఫ్ ఈ చెరలోంచి నేరుగా వెళ్లి మూడవ యూసుఫ్‌గా గద్దెనెక్కడం మాత్రం చరిత్ర. కోట ఎక్కే దారి నిటారుగా ఉంటుంది, ఎండ ముదరకముందే ఎక్కడం మంచిది.

కోట కింది మాగాణిలో దాదాపు వెయ్యేళ్లు పండింది చెరకు. చెరకు రసం కాచి గట్టి చక్కెర తీసే విద్య మన ఉపఖండం నుంచి పారశీకానికి, అక్కడి నుంచి అరబ్బులకు చేరింది. పదో శతాబ్దం నాటికి, అరబ్బుల పాలనలో ఉన్న ఈ తీరంలో ఆ పైరు నిలదొక్కుకుంది. 19వ శతాబ్దంలో ఆవిరి యంత్రాలతో పెద్ద మిల్లులు వచ్చాయి. వసంతకాలపు కోతను ‘మోందా’ అనేవారు. చేనుకు నిప్పుపెట్టి ఆకు కాల్చేసి, మిగిలిన గడలను కత్తులతో నరికేవారు. కోత సాగినన్నాళ్లూ చెరకాకు మసి ఊళ్ల మీద, ఆరేసిన బట్టల మీద రాలుతూనే ఉండేది. చక్కెర దుంప పోటీ, కూలి ఖర్చు, ఇళ్ల స్థలాలుగా తీరభూమికి పెరిగిన ధర కలిసి ఈ పంటను మింగేశాయి. సలోబ్రేన్యా పక్కన లా కలేతాలో ఉన్న మిల్లు 2006లో చివరిసారి చెరకు ఆడింది. దాంతో యూరప్ ప్రధాన భూభాగంలో చెరకు నుంచి చక్కెర తీసే పని ముగిసిపోయింది.

మోట్రిల్‌లో పాతకాలపు చక్కెర తయారీ మీద ఒక మ్యూజియం ఉంది. గానుగలు, కొలుములు, రసం మరిగించే బానలు, ఆ కొలుములకు కట్టెలు కావాలని చుట్టుపక్కల అడవులు నరికిన వైనం అక్కడ తెలుస్తాయి. ఊళ్లోనే పిలార్ మిల్లు, దాని ఆవిరి యంత్రాలు మిగిలి ఉన్నాయి. ఈ తీరానికి వెళ్లినవాళ్లు బీచ్‌లో ఒక పూట తగ్గించుకునైనా చూడవలసింది ఈ మ్యూజియమే అని నా అభిప్రాయం. వందల ఏళ్లు ఒక ప్రాంతం బతికిన బతుకు అందులో ఉంది. పడమరగా, మలగా జిల్లాలోని ఫ్రిహిలియానా అనే కొండ ఊళ్లో చెరకు పాకం తయారుచేసే మిల్లు ఇంకా నడుస్తోంది, యూరప్ ప్రధాన భూభాగంలో అలాంటిది అదొక్కటే. ఆ నల్లటి పాకాన్ని వేయించిన వంకాయ ముక్కల మీద ధారగా పోసి వడ్డిస్తారు. పులుసులో వంకాయకు బెల్లం తగిలించే మనకు ఆ రుచి కొత్తగా ఉండదు.

చెరకు తప్పుకుంటున్న కాలంలోనే పండ్లతోటలు పెరిగాయి. వీటిలో ఈ తీరానికి పేరు తెచ్చింది చిరిమోయా. ఆకుపచ్చ తొక్క, తెల్లటి తీపి గుజ్జు, నల్లటి గింజలు. సీతాఫలంలాగా కళ్లు విడిపోవు, తొక్క నునుపుగా ఉంటుంది, రెండుగా కోసి చెంచాతో తింటారు. సీతాఫలమూ ఇదీ రెండూ అమెరికా ఖండాల నుంచి బయటి ప్రపంచానికి వచ్చినవే. తీరంలోని అల్మున్యేకార్ ఊరి వెనక, హేతే, ఓతీవార్ ఊళ్లున్న రియో వెర్దె లోయ నిండా ఈ తోటలే. ఎక్కువగా పండించే రకానికి హేతే ఊరి పేరే పెట్టారు.

ఈ పండు వెనక ఉన్న చాకిరీ దారిన పోయేవాళ్లకు కనిపించదు. చిరిమోయా పువ్వు విచ్చుకోగానే ఆడ దశలో ఉంటుంది. పుప్పొడి రాల్చే మగ దశ మరుసటి రోజు మధ్యాహ్నం దాటాక గానీ రాదు. అప్పటికి ఆడ భాగానికి పుప్పొడి అందుకునే శక్తి పోతుంది. కాబట్టి పువ్వు తన పుప్పొడితో తాను కాయగా మారలేదు. పుట్టిన గడ్డ మీద ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పుప్పొడి మోసే చిన్న పెంకుపురుగులు ఉన్నాయి. స్పెయిన్‌లో ఆ పని సరిపడా చేసే పురుగులు లేవు. అందుకని ఎండాకాలంలో తోటపనివాళ్లు సాయంత్రంపూట మగ దశకు వచ్చిన పూలు ఏరి, పుప్పొడి దులిపి చల్లటి చోట దాచుకుంటారు. మర్నాడు పొద్దున చెట్టు చెట్టుకీ తిరిగి, బ్రష్షుతోనో చిన్న ఊదుడు పరికరంతోనో ఒక్కొక్క పువ్వుకీ అందిస్తారు. పుప్పొడి సరిగా అందని కాయ వంకర తిరిగిపోతుంది, మార్కెట్‌లో ధర పలకదు. అక్టోబర్‌కి బజారుకొచ్చే గుండ్రటి కాయ ప్రతిదాని వెనకా ఎవరో ఒక మనిషి చెయ్యి ఉందన్నమాట.

మామిడి కథ మనకు ఇంకా దగ్గర. ఇక్కడి తోటల్లో ప్రధానమైన ఆస్టీన్ రకం అమెరికాలోని ఫ్లోరిడాలో పుట్టింది. దాని తల్లి హేడెన్. ఆ హేడెన్ తల్లి, 1889లో మన దేశం నుంచి ఫ్లోరిడాకు వెళ్లిన ముల్గోబా. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, మన తోటల్లో మామిడి ముగిసి ఎన్నో వారాలయ్యాక, ఇక్కడ కోత నడుస్తుంది.

ఇంత తోటకూ నీళ్లు కావాలి. వాన తక్కువ, చెట్ల దాహం ఎక్కువ. గ్వాదాల్ఫేయో మీద రూలెస్ ఆనకట్ట 2004లో పూర్తయింది. ఇరవై ఏళ్లు గడిచినా ఆ నీటిని పొలాలకు చేర్చే గొట్టాల పని పూర్తికాక రైతులు ఊరేగింపులు తీశారు. జలాశయం కళ్లెదుట ఉండగా బోరుబావుల్లోకి ఉప్పునీరు చేరుతుందేమోనని భయపడుతూ సాగుచేయడం ఎంత బాధో కృష్ణా, గోదావరి ఆయకట్టు చివరి భూముల రైతులకు చెప్పక్కరలేదు. ఆనకట్ట ఇంకొక పని కూడా చేసింది. సముద్రానికి చేరవలసిన ఒండ్రును ఆపేసింది. నది చేసిన నేలను ఇప్పుడు అలలు కోసుకుపోతున్నాయి. మోట్రిల్ దగ్గరి ప్లాయా గ్రనాదా బీచ్‌లో తుపాను అలలకు కొట్టుకుపోయిన ఇసుకను మళ్లీ మళ్లీ తెచ్చి పోయవలసి వస్తోంది. హోటల్ గదిలోంచి చూసే అందమైన సముద్రానికి ఈ వైపు కూడా ఉందని తెలిసి వెళ్లడమే న్యాయం.

ఇక ఊళ్లు. అల్మున్యేకార్‌ను సుమారు 2,800 ఏళ్ల కిందట ఫినీషియన్ వర్తకులు స్థాపించారు, అప్పటి పేరు సెక్సి. కోట కింద ఎల్ మహుయెలో తోటలో చేపలకు ఉప్పు పట్టి ఊరబెట్టిన రాతి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. రోమన్లు ఇష్టంగా తిన్న గారుమ్ అనే చేపల రసం ఇలాంటి తొట్లలోనే తయారై నౌకలెక్కేది. రోమన్లు కట్టిన నీటి కాలువ వంతెనలు ఊరి చుట్టుపక్కల నిలిచే ఉన్నాయి. గుహలాంటి నేలమాళిగలో ఉన్న పురావస్తు మ్యూజియంలో ఈజిప్టు ఫారో అపోఫిస్ పేరు చెక్కిన రాతిపాత్ర ఉంది. 755లో డమాస్కస్ నుంచి ప్రాణాలు దక్కించుకుని పారిపోయి వచ్చిన ఉమయ్యద్ రాకుమారుడు అబ్దుర్రహ్మాన్ దిగింది కూడా ఈ ఒడ్డునే. తర్వాత ఆయన కార్డోబా రాజ్యాన్ని స్థాపించాడు. సముద్రం పక్కనే ఆయన విగ్రహం ఉంది.

అల్మున్యేకార్‌కు పడమరన లా ఎర్రదూరా ఊరు. లాడం ఆకారంలో ఉన్న అఖాతం, నీరు తేటగా ఉండడంతో డైవింగ్‌కు వచ్చేవాళ్లు ఎక్కువ. ఈ ప్రశాంతమైన నీళ్లలోనే 1562 అక్టోబర్ 19న స్పెయిన్ రాజు నౌకాదళం నాశనమైంది. తూర్పుగాలి నుంచి తలదాచుకోవడానికి 28 యుద్ధనౌకలు ఇక్కడ లంగరు వేశాయి. గాలి హఠాత్తుగా దక్షిణానికి మళ్లింది. ఒడ్డుకూ గాలికీ మధ్య ఇరుక్కుని 25 మునిగిపోయాయి, సుమారు 5,000 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో తెడ్లు వేసే బందీలూ ఉన్నారు. సెర్వాంటెస్ ‘డాన్ కిహోతె’లో ఈ దుర్ఘటన ప్రస్తావన ఉంది. గిటారు విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా తన ఇల్లు ఈ ఊళ్లోనే కట్టుకున్నాడు, ఆయన పేరిట ఇక్కడ అంతర్జాతీయ గిటారు పోటీ జరుగుతుంది.

పండగలన్నీ సముద్రం చుట్టూ తిరుగుతాయి. జూన్ 23 రాత్రి సాన్ హువాన్: బీచ్‌లంతా మంటలు వేసి, అర్ధరాత్రి అందరూ నీళ్లలోకి దిగుతారు. జులై 16న జాలరుల దేవత వీర్హెన్ దెల్ కార్మెన్ విగ్రహాన్ని పడవల్లో సముద్రం మీదికి తీసుకెళ్తారు. ఆగస్టు 15న అల్మున్యేకార్‌లో ఊరి దేవత ఆంతీగ్వాకు అలాగే పడవ ఊరేగింపు, రాత్రి బాణసంచా. జులైలో ఎల్ మహుయెలోలో, ఆ పాత చేపల తొట్ల పక్కనే, జాజ్ సంగీతోత్సవం జరుగుతుంది.

ఫిబ్రవరిలో జరిగేది పండగ కాదు, స్మరణ. స్పెయిన్ అంతర్యుద్ధంలో, 1937 ఫిబ్రవరిలో మలగా ఫ్రాంకో తిరుగుబాటు సేనల చేతికి చిక్కినప్పుడు లక్షకు పైగా జనం పిల్లాపాపలతో ఈ తీరపు దారినే అల్మేరియా వైపు నడిచారు. సముద్రం మీంచి యుద్ధనౌకలు, ఆకాశం నుంచి విమానాలు ఆ జనం మీద గుండ్లు కురిపించాయి. వేలమంది చనిపోయారు. చైనా యుద్ధరంగంలో వైద్యుడిగా, డాక్టర్ కోట్నీస్‌తో పాటు మనకు పేరు తెలిసిన కెనడా వైద్యుడు నార్మన్ బెత్యూన్ రక్తమార్పిడి వ్యానులోని సామాను దించేసి ఈ దారి మీద శరణార్థులను మోశాడు. ఏటా ఫిబ్రవరిలో కొందరు అదే దారిన మలగా నుంచి నడుస్తారు. ఇప్పుడు అదే రోడ్డు మీద సముద్రం చూస్తూ కారు నడిపే ప్రతివారికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

గ్రనాదాలో అల్‌హంబ్రా కోట చూసి వెనక్కి తిరిగిపోయే మనవాళ్లు ఇంకో రెండు రోజులు పెట్టుకుని ఇటు దిగాలి. ఆగస్టులో రద్దీ, గదుల ధరలు రెండూ ఎక్కువ. అక్టోబర్ మేలు: సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది, మామిడి చివరి కోత, చిరిమోయా తొలి కోత ఒకేసారి దొరుకుతాయి. బీచ్‌లో ఇసుక బూడిదరంగులో, గులకరాళ్లతో ఉంటుంది, చెప్పులు అవసరం. ఈ జిల్లాలో పానీయం అడిగితే దానితో పాటు చిన్న పళ్లెంలో తినుబండారం ఉచితంగా ఇస్తారు. శాకాహారులైతే ముందే చెప్పాలి, లేకపోతే వచ్చేది చేపో రొయ్యో అవుతుంది. మోట్రిల్‌కు రైలు లేదు. గ్రనాదా నుంచి సుమారు 70 కిలోమీటర్లు, గ్రనాదా, మలగా రెండు చోట్ల నుంచీ బస్సులున్నాయి.