గోల్ పడింది కీపర్ వల్లేనా?

సీజన్ మొదటి మ్యాచ్‌కి ఇంకా పది రోజులే ఉంది. మొన్న ప్రాక్టీస్ మ్యాచ్‌లో మా గుత్తి టీమ్ నాలుగు గోల్స్ కొట్టించుకుంది. అందరూ కీపర్‌నే తిట్టారు. వాడు "నేనింక ఆడనన్నా" అని గ్లవ్స్ తీసి పక్కన పెట్టేశాడు.

అదృష్టం కొద్దీ మ్యాచంతా ఫోన్‌లో తీశాం. గోల్ పడిన క్షణం వదిలేసి, పది సెకన్లు వెనక్కి జరిపి చూశాను. మూడు గోల్స్‌కీ ఒకటే కథ. మా రైట్ బ్యాక్ ఎటాక్‌కి పైకెళ్లాడు, బాల్ పోయింది, వాడి వెనక జాగా అంతా ఖాళీ. అక్కడికి పరిగెత్తి రావాల్సిన మిడ్‌ఫీల్డర్ నడుస్తున్నాడు. మూడూ ఆఖరి ఇరవై నిమిషాల్లో పడ్డవే. అంటే ఆట రాక కాదు, దమ్ము అయిపోయి. నాలుగోది మాత్రం కీపర్ తప్పే.

మన కోట సంగతి తెలుసు కదా? 1776లో మురారిరావు హైదర్ అలీకి లొంగింది గోడలు కూలి కాదు, పైన నీళ్లు అయిపోయి.

అందుకే రెండు మార్పులు చేశాం. రైట్ బ్యాక్ పైకెళ్తే మిడ్‌ఫీల్డర్ ఒకడు వెనకే ఆగాలి. అరవయ్యో నిమిషానికల్లా కొత్త కాళ్లు దిగాలి.

ఆ వీడియో కీపర్‌కీ చూపించాను. సాయంత్రం గ్లవ్స్‌తో గ్రౌండ్‌కి వచ్చాడు.

మీ టీమ్‌లో ఎవర్నైనా తిట్టే ముందు, ఆ పది సెకన్లు చూడండి.