కంటికానని సముద్రపు పైరు

నూజివీడు ప్రాంతమున మామిడితోట గలవారు కాపు కోయువఱకు వేచియుండరు. పూతచూచియే తోటను గుత్తకిత్తురు. గుత్తదారుడు చెట్టుచెట్టును పరికించి, చలి యెన్నాళ్లున్నది, మంచు పట్టినదా, తేనెమంచు పురుగు సోకినదా యని విచారించి, బంగినపల్లి యెంత, చిన్నరసమెంత దిగునో మనసున లెక్కకట్టును. ఈ లెక్కకు మూలము గత సంవత్సరముల జ్ఞాపకము. ఋతువులు తమ క్రమమున నడచినంతకాలము ఆ జ్ఞాపకము చాలును. ఋతువే మాఱినచో జ్ఞాపకము వంచించును. అప్పుడు ఏ కారణమువలన ఏ ఫలము కలుగునో విడివిడిగా నెఱిగి లెక్క వేయవలసియుండును. నేడు సముద్రవిషయమున శాస్త్రజ్ఞులు చేయుచున్న ప్రయత్నమిదియే.

సముద్రమునందును ఒక పైరు కలదు. కంటికి కానరానంత సూక్ష్మములై నీటితోపాటు తేలియాడు ఈ జీవులను ప్లవకములందురు. సూర్యరశ్మిచే స్వయముగా ఆహారము కూర్చుకొనునవి వృక్షప్లవకములు. వానిని మేయునవి జంతుప్లవకములు. భూమిపై మొక్కలన్నియు కలిసి ప్రతివత్సరము కూర్చు సేంద్రియపదార్థమునకు రమారమి సమానముగా ఈ సూక్ష్మజీవులు సముద్రమున కూర్చుచున్నవి. కైకలూరు ప్రాంతపు చేపలచెరువుల రైతులకిది క్రొత్త సంగతి కాదు. నీరు లేతపచ్చగా నున్న మేత సమృద్ధి యనియు, చిక్కబడి తెట్టుకట్టిన తెల్లవాఱుజామున ప్రాణవాయువు కొఱవడి చేపలు పైకి తేలుననియు వారెఱుగుదురు. చెరువునకు ఎరువు రైతు వేయును. సముద్రమునకు వేయువారెవరు? అడుగునీటిలో నత్రజనిలవణములు నిలువయున్నవి. గాలి నీటిని కలచినప్పుడు అవి పైకివచ్చును.

మన తీరమున దీనికి మంచి నిదర్శనము కలదు. 1950 దశాబ్దమున ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు వచ్చిన లాఫాండ్ అను అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు తూర్పుతీరమున అడుగునీరు పైకెగయుటను గూర్చి 1954 లో ప్రకటించెను. నూజివీడులో పూత పిందెగా మాఱు మాఘఫాల్గుణములలోనే విశాఖతీరమున ఈ చల్లనినీరు పైకివచ్చి ప్లవకములను పోషించుచున్నది. ఒకే ఋతువు తోటకును కడలికిని పూతకాలమగుచున్నది.

ఈ పైరును లెక్కగట్టు విధానమును 1946 లో రైలీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రారంభించెను. 1990 లో ఫాషమ్ మొదలగువారు దానిని విస్తరించిరి. అది ఒక జమాఖర్చుల పుస్తకము వంటిది. సముద్రమును గడులుగా విభజించి, గడికొక్కటికి ముఖ్యముగా నాలుగు పద్దులు వ్రాయుదురు: పోషకలవణములు, వృక్షప్లవకములు, జంతుప్లవకములు, మృతశేషము. ఒక పద్దులో ఖర్చైన నత్రజని మఱియొక పద్దులో జమయగును. వెలుతురు, వేడిమి, గాలి, ప్రవాహము ఎట్లు మాఱిన ఈ పద్దులెట్లు మాఱునో గణకయంత్రము చెప్పును.

చిక్కంతయు వేడిమియొద్దనే కలదు. నీరు వేడెక్కిన పైపొర తేలికయై అడుగునీటితో కలియదు. ఎరువు క్రిందనే నిలిచిపోవును. కాని పోషకములు చాలినచో వేడిమివలన ప్లవకముల పెరుగుదల హెచ్చును. పదిడిగ్రీలకు దాని గరిష్ఠవేగము రమారమి రెట్టింపగునని 1972 లో ఎప్లీ చూపెను. వానిని మేయు జంతుప్లవకముల ఆకలియు హెచ్చును. ఒకటి తగ్గింపగా నొకటి పెంచుచుండ, ఏది గెలుచునో యనుటలో నమూనాలు తమలో తాము భేదించుచున్నవి.

బంగాళాఖాతమున ఈ చిక్కు ద్విగుణితము. గంగాబ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చు మంచినీరు ఉప్పునీటిపై మూతవలె పఱచుకొనును. తుపానులు మాత్రము ఈ మూతను చీల్చును. 1999 ఒడిశా మహాతుపాను పిమ్మట పైనీరు పచ్చబాఱుటను ఉపగ్రహము చిత్రించెను. కావున వానలు, నదులు, తుపానులు భవిష్యత్తున నెట్లుండునో తెలియక ఈ సముద్రపు పైరును చెప్పుట సాధ్యముగాదు.

ఇక ఫలితములు. 2016 లో పూణేలోని ఉష్ణమండల వాతావరణసంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కాల్, ఆయన సహచరులు, పశ్చిమ హిందూమహాసముద్రమున గడచిన ఆఱు దశాబ్దములలో వృక్షప్లవకములు నూటికి 20 పాళ్లవఱకు తగ్గెనని ప్రకటించిరి. ఉద్గారములు అడ్డులేక పెరిగినచో ఈ శతాబ్దాంతమునకు సముద్రముల ప్రాథమికోత్పత్తి నూటికి 4 మొదలు 11 పాళ్లవఱకు తగ్గునని 2019 లో అంతర్జాతీయ వాతావరణసంఘము అంచనావేసెను. పిమ్మటి నమూనాలలో ఈ విషయమున భేదము మఱింత హెచ్చినది. ప్లవకములలో కొంచెము తగ్గినది చేపలలో నధికమై కనబడును. ఏలయన మేతగొలుసున ప్రతి మెట్టునను నష్టము పెరుగుచుండును.

ఇందలి సందేహమును సాకుగొని లెక్కలనే త్రోసిపుచ్చుట అవివేకము. నమూనా చెప్పినదే వేదమనుటయు అంతే అవివేకము. గుత్తదారుడు కోతనాడు తన అంచనాను కాటాతో సరిచూచుకొనును. సముద్రమునకు కాటా యేది? హైదరాబాదులో 1999 లో స్థాపితమైన సముద్రసమాచార కేంద్రము ఉపగ్రహములనుండి నీటిపచ్చదనమును, వేడిమిని గ్రహించి చేపలు దొరకు తావులను జాలరులకు తెలుగులోను తెలుపుచున్నది. అది శ్లాఘనీయమైన సేవ. కాని ఉపగ్రహము పైపొరనే చూడగలదు, మేఘములు దానికడ్డు. బంగాళాఖాతమున పైరు అనేక తావుల 50 మీటర్ల పరిసరముల లోతున దాగియుండును. అచ్చటికి పరికరము దిగవలెను. అదియు ఒకనాడు గాక, ఏటేట, నెలనెల, అదే తావున దిగవలెను.

విశాఖ, కాకినాడ, బందరు తీరములలో ఇట్టి కొలతలు తెంపులేక సాగవలెను. ఆ లెక్కలు, వానిలోని సందేహములతోసహా, తెలుగున ప్రకటింపబడవలెను. పడవకు అప్పుచేయు జాలరి, రేవునకు సొమ్ము వెచ్చించు ప్రభుత్వము, చేపలవర్తకుడు రాబోవు ముప్పదేండ్ల కాపును నమ్మియే ఆ పని చేయుచున్నారు. తోటకాపు తగ్గిన రైతు తన కంటనే చూచుకొనును. సముద్రపు కాపు తగ్గిన సంగతి కొలిచినవానికే ముందుగా తెలియును. కొలువనివానికి వల వట్టిదైన పిమ్మట తెలియును.