ఏ యాప్ అన్నది రెండో ప్రశ్న

2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్యది మణుగూరు మండలం కూనవరం. కోయ డోలు కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథను డోలు వాయిస్తూ కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. చదువుకోలేదు, కథంతా నోటికే ఉండేది. 2024లో ఆయన కన్నుమూశారు. అలా కథలు, వంశాల వరసలు నోటికి ఉన్న పెద్దలు భద్రాచలం ఏజెన్సీలో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ల మనవళ్ల జేబుల్లో స్మార్ట్‌ఫోన్లూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 4 లక్షల పైచిలుకే. గోండికి దగ్గరి ద్రావిడ భాష ఇది. పుస్తకాల్లోకి ఎక్కింది తక్కువ, గొంతుల్లో మిగిలింది ఎక్కువ. తాత పాటను ఫోన్లో దాచుకుందామనుకున్న కుర్రాడు మొట్టమొదట అడిగేది మాత్రం, "అన్నా, ఏ యాప్ వేసుకోవాలి?" అని. ఆ ప్రశ్న చుట్టూ బోలెడు అపోహలు.

అపోహ: డబ్బు పెట్టి కొన్న యాప్ అయితే గొంతు బాగా వస్తుంది.

వాస్తవం: ఉచిత యాప్ అయినా, కొన్న యాప్ అయినా వినేది ఫోన్‌కున్న అదే మైకుతోనే. యాప్ చేతిలో ఉన్నవి కొద్ది సంగతులే: శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి, ఏ ఫార్మాట్‌లో రాయాలి, ఫోన్ తనంతట తాను చేసే సవరింపులను ఉంచాలా తీసేయాలా. వీటికంటే ఎక్కువ తేడా తెచ్చేది దూరం. పాడే మనిషికీ ఫోన్‌కీ మధ్య దూరం సగానికి తగ్గిస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కీచురాళ్ల రొద, పక్కింటి టీవీ చప్పుడు ఉన్నంతే ఉంటాయి. ఫోన్ చేత్తో పట్టుకోకుండా మడత పెట్టిన తువ్వాలు మీద ఉంచి, మైకున్న కింది అంచును పాడేవాళ్ల వైపు తిప్పితే చాలు. దీనికి పైసా ఖర్చు లేదు, బహుశా అందుకే ఎవరూ పట్టించుకోరు.

అపోహ: నాయిస్ తగ్గించే ఆప్షన్ ఉన్న యాప్ అయితే మరీ మంచిది.

వాస్తవం: అడవి పాటకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసే నమ్మకం ఇదే. ఫోన్లలో ఈ సవరింపులన్నీ ఫోన్ మాటల కోసం తయారయ్యాయి. దగ్గర్నుంచి ఒక మనిషి మాట్లాడుతున్నాడు, మిగతాదంతా రొద అన్నదే వాటి లెక్క. ఆ లెక్కలో డోలు దరువు రొద. వెనకనుంచి ఆడవాళ్లు అందుకునే వంతపాట కూడా రొదే. కోయల రేల పాటలో ఒకరు అందిస్తే గుంపు అందుకుంటుంది. అలా సవరించిన రికార్డింగ్ వింటే అందించిన గొంతు ఒక్కటే మిగిలి, గుంపు ఎక్కడో బావిలోంచి పాడుతున్నట్టు వినిపిస్తుంది. ఇక శబ్దస్థాయిని దానంతటదే సర్దే ఏర్పాటు ఒకటుంది. డోలు దెబ్బ పడగానే అన్నిటినీ తగ్గించేస్తుంది, దెబ్బ ఆగగానే మళ్లీ పెంచేస్తుంది. పాట పొడవునా గొంతు ఊగుతూనే ఉంటుంది.

తర్వాత కంప్యూటర్లో బాగు చేసుకోవచ్చులే అంటారు కొందరు. రొద కొంత తీసేయవచ్చు. యాప్ ముందే తీసేసిన వంతపాటను మాత్రం వెనక్కి తేలేం. మైకు తట్టుకోలేనంత గట్టిగా పడి పగిలిపోయిన డోలు శబ్దమూ అంతే. అందుకే యాప్ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సినవి రెండు: ఈ సవరింపులను ఆపే వీలుందా, శబ్దం ఎక్కువైతే ఎర్రగా చూపించే మీటరు ఉందా. ఎర్ర గీత కనబడితే ఫోన్‌ను డోలుకు ఇంకాస్త దూరంగా జరపాలి. "నిశ్శబ్దాన్ని దాటవేయి" అనే ఆప్షన్ కనిపిస్తే అదీ ఆపేయండి. పాటగాడు ఊపిరి తీసుకున్న చోటు, గుర్తు తెచ్చుకోవడానికి ఆగిన చోటు కథలో భాగాలే.

అపోహ: ఎంపీ3 చాలు, వేవ్ ఫైల్ అంటే ఫోన్ నిండిపోతుంది.

వాస్తవం: లెక్క చూడండి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ గంటకు సుమారు 318 ఎంబీ. 64 జీబీ మెమరీ కార్డులో దాదాపు 200 గంటలు పడుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే గంటకు 58 ఎంబీ. మీటింగ్ మాటలకు, క్లాసు పాఠాలకు ఎంపీ3 నిక్షేపంగా సరిపోతుంది. మళ్లీ దొరకని గొంతుకు వేవే ఉండాలి, ఎందుకంటే వేవ్ నుంచి ఎంపీ3 ఎప్పుడైనా చేసుకోవచ్చు, ఎంపీ3ని వేవ్‌గా మారిస్తే సైజు పెరుగుతుంది తప్ప కుదింపులో పోయిన శబ్దం తిరిగి రాదు.

అపోహ: వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఉండగా వేరే యాప్ ఎందుకు?

వాస్తవం: కబురు చెప్పడానికైతే అక్కర్లేదు. కానీ వాయిస్ మెసేజ్‌ను వాట్సాప్ బాగా కుదించి పంపుతుంది. మాట అర్థమైతే చాలన్నది దాని పద్ధతి. రికార్డు చేసిన ఫైలును అవతలివాళ్లకు చేర్చాలంటే "డాక్యుమెంట్"గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. బ్లూటూత్ నెక్‌బ్యాండ్ మైకుతో రికార్డు చేసేవాళ్లకూ ఇదే చిక్కు. మైకు పనిచేసేటప్పుడు మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతుంది, శబ్దాన్ని కొలిచే వేగం 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కు పడిపోతుంది. కొలిచిన వేగంలో సగం వరకే స్వరాలు దక్కుతాయి కాబట్టి 8 కిలోహెర్ట్జ్‌లో 4 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా పోతుంది. ఫోన్‌కు తీగతో తగిలించే కాలర్ మైకు దానికంటే మేలు.

అపోహ: స్మార్ట్‌ఫోన్, నెట్ లేకపోతే ఏమీ చేయలేం.

వాస్తవం: రికార్డింగ్‌కు సిగ్నల్ అవసరం లేదు. పైగా ఫ్లైట్ మోడ్‌లో పెడితే పాట మధ్యలో కాల్ రాదు, సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోదు. ఇక స్మార్ట్‌ఫోన్ సంగతి: సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర మామూలు బటన్ ఫోన్లతోనే నడిచింది. మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచి ఫోన్ వచ్చేది, ఊరి సమస్య చెబితే రికార్డయ్యేది, గోండిలోనైనా సరే. రేషన్ రాలేదని చెప్పడానికి ఆ నాణ్యత చాలు. పాట దాచడానికి చాలదు.

అపోహ: మాటను అక్షరాలుగా మార్చే యాప్ ఉంటే రాసుకునే పని తప్పుతుంది.

వాస్తవం: తెలుగుకు 2017 నుంచే గూగుల్ వాయిస్ టైపింగ్ ఉంది. కోయ మాటను దాని ముందు పెడితే దగ్గరగా వినిపించే తెలుగు మాట ఏదో రాసిపడేస్తుంది. ఏమీ రాయకపోవడం కంటే ఇది ప్రమాదం. భాషాశాస్త్రవేత్త స్టీవెన్ బర్డ్ బృందం ఇలాంటి భాషల కోసమే ఐకుమా అనే యాప్ చేసింది. అందులో అసలు రికార్డింగును ముక్కలు ముక్కలుగా ఆపుకుంటూ వినవచ్చు. భాష తెలిసినవాళ్లు ఆ ముక్కను నిదానంగా మళ్లీ పలకడమో, మరో భాషలో అర్థం చెప్పడమో చేస్తే దాన్నీ రికార్డు చేస్తుంది. ఆ యాప్ దొరక్కపోయినా పద్ధతి దొరికింది కదా. ఒక ఫోన్లో తాత పాట వేస్తూ ఆపుతూ, మనవరాలు తెలుగులో చెప్పే అర్థాన్ని రెండో ఫోన్లో ఎక్కించవచ్చు. తాత ఉండగానే చేస్తే అనుమానాలు ఆయన్నే అడగొచ్చు.

అపోహ: పాటల్లాగే గ్రామసభనూ ఫోన్లో రికార్డు చేస్తే అదే తీర్మానం.

వాస్తవం: కాదు. పోడు భూముల హక్కుల కోసం అటవీ హక్కుల చట్టం కింద జరిగే గ్రామసభకు సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. తీర్మానం కాగితం మీదే ఉండాలి. రికార్డింగ్ దానికి తోడు మాత్రమే. కోర్టు దాకా వెళ్తే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. కాబట్టి అసలు ఫైలును కత్తిరించకుండా, ఆ ఫోన్‌ను అమ్మేయకుండా ఉంచుకోండి.

అపోహ: ఒకసారి రికార్డయితే భద్రంగా ఉన్నట్టే.

వాస్తవం: కొన్ని యాప్‌లు ఫైళ్లను తమ సొంత ఫోల్డర్‌లో దాస్తాయి, యాప్ తీసేస్తే అవీ పోతాయి. బ్యాటరీ పొదుపు పేరుతో ఫోన్ యాప్‌ను మధ్యలో ఆపేయడమూ ఉంది, ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయాలి. పాట మొదట్లోనే పాడేవాళ్ల పేరు, ఊరు, తేదీ, రికార్డింగ్‌కు వాళ్ల ఒప్పుకోలు వాళ్ల గొంతులోనే చెప్పించండి. ఇలవేల్పుల కొలుపులో పాడేవన్నీ యూట్యూబ్ కోసం పాడేవి కావు, అది కూడా అడిగి తెలుసుకోవాలి.

సరే, ఇంతకీ ఏ యాప్? ఐఫోన్ ఉంటే వేరే ఏదీ అక్కర్లేదు, వాయిస్ మెమోస్ సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీని శబ్దాన్ని పోగొట్టని లాస్‌లెస్‌కు మార్చండి. ఆండ్రాయిడ్‌లో వేవ్ ఇచ్చేది, సవరింపులు ఆపనిచ్చేది, ఫైలు ఎక్కడుందో చూపేది చాలు. ఈజీ వాయిస్ రికార్డర్ అలాంటిది. మైకు కాకుండా కాంటాక్టులు, లొకేషన్ అడిగే రికార్డర్‌ను మాత్రం ఫోన్లో ఉంచకండి.